రావద్దని రాసిన ఉత్తరం

భ్రమరాంబకు మాటలన్నీ తెలుసు. అయినా మార్కులు రావడం లేదు.

ప్రవేశ పరీక్షలో ఒక ఇంగ్లీషు పేరా ఇచ్చి, దాని కింద ఐదు ప్రశ్నలిస్తారు. పేరాలో ఉన్న సంగతి అడిగితే ఆమె రెప్పపాటులో పట్టుకుంటుంది. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎంతమంది? టక్కున పెట్టేస్తుంది. కానీ ఐదింటిలో రెండైనా వేరే రకానివి ఉంటాయి. ఇది రాసినవారి మనసు ఎలా ఉంది? వారు పైకి చెప్పకుండా వదిలేసినదేమిటి? అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ తప్పే.

హైదరాబాదులో చరిత్ర ఎమ్మే చదవాలని ఆమె కోరిక. నిరుడు నాలుగు మార్కుల్లో సీటు పోయింది. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసే వాళ్ళ నాన్న కోప్పడలేదు. "ఇంకొక్కసారి రాయమ్మా. ఈసారీ రాకపోతే ఇక్కడే ఏదన్నా చూసుకుందాం" అన్నాడంతే. ఆ నెమ్మదితనమే ఆమెకు ఎక్కువ భయం పుట్టించింది.

కందుకూరులో ఇంగ్లీషు అంటే ఏసుపాదం మాస్టారే. కాలేజీలో ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పి రిటైరైనవారు. ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. భ్రమరాంబ మూడు రోజులు వరసగా వెళ్ళి వరండాలో నిలబడితే, నాలుగో రోజు ఆయన భార్య మార్తమ్మగారు లోపలికి చూసి, "ఆ పిల్లని కూర్చోమనండి. కాళ్ళు పీకుతుంటాయి" అంది. అలా మొదలైంది చదువు.

రోజూ పొద్దున ఏడింటికి రావడం, ఒక పేరా చదవడం. భ్రమరాంబ ముందు ప్రశ్నలు చూసుకునేది. తర్వాత పేరాలోకి దిగి, కావలసిన మాట కోసం వెతికి, దొరగ్గానే పైకి వచ్చేసేది. గడియారం చూసుకుని "నాలుగు నిమిషాలే పట్టింది సార్" అనేది. మాస్టారు తల ఊపేవారు. మెచ్చుకునేవారు కాదు, తిట్టేవారూ కాదు.

ఒకరోజు ఆమెకు ఉక్రోషం వచ్చింది.

"సార్, ఉన్నది అడగమనండి, చెబుతాను. రాయనిదాన్ని అడిగితే ఎక్కణ్ణుంచి చదవాలి? ఇది అన్యాయం కాదా?"

"అన్యాయమే" అన్నారు మాస్టారు. "కాఫీ తాగు."

ఏప్రిల్‌లో మాస్టారి కుడికంటికి శుక్లం తీశారు. నెల రోజులు చదవొద్దన్నారు డాక్టరు. నల్లద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చునేవారు. భ్రమరాంబ పేరాలు పైకి చదివేది, ఆయన వినేవారు.

ఆ వారంలోనే కేరళ నుంచి ఉత్తరం వచ్చింది.

రాసింది కురువిల్లాగారు. మాస్టారితో పాటు అదే కాలేజీలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కొట్టాయం దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళిపోయినాయన. పెళ్ళి చేసుకోలేదు. చెవులు వినపడవు కాబట్టి ఫోను లేదు. నెలకో ఉత్తరం, అదీ ఇంగ్లీషులో.

"చదువమ్మా" అన్నారు మాస్టారు.

భ్రమరాంబ గడగడా చదివేసింది. తెలియని మాట ఒక్కటీ లేదు. చిన్న చిన్న వాక్యాలు, మధ్యలో రెండు జోకులు. ఒక్క పేజీ.

"ఏం రాశాడే వాడు?" వడియాల పిండి చేత్తోనే మార్తమ్మగారు వంటింట్లోంచి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"బాగానే ఉన్నారంట అమ్మగారూ. ఈ ఏడు పనస సరిగా కాయలేదంట. సార్‌కి కంటి ఆపరేషన్ అయింది కాబట్టి అంత దూరం రావద్దన్నారు. ఎప్పుడో సార్ దగ్గర తీసుకున్న డిక్షనరీ ఉండిపోయిందంట, పోస్టులో పంపిస్తారంట. సైకిల్ పక్కింటి పిల్లోడికి ఇచ్చేశారంట." కాగితం మడిచి మాస్టారి వైపు తిరిగి నవ్వింది. "పరీక్షలో అడిగితే, రచయిత సంతోషంగా ఉన్నాడు. ఆప్షన్ బి."

మాస్టారు నవ్వలేదు.

"సైకిల్ ఇచ్చేశాడా?" అంది మార్తమ్మగారు.

"అవునమ్మగారూ."

ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. అటక మీదినుంచి ఏదో లాగిన చప్పుడు. కాసేపటికి దుమ్ము దులిపిన సంచీ ఒకటి, రెండు పంచెలు, తువ్వాలు తెచ్చి మంచం మీద పెట్టింది. కంటి చుక్కల మందు సీసాను రుమాల్లో చుట్టి సంచీ పక్క జేబులో దోపింది.

"నాలుగు పూటలా మర్చిపోకుండా వేసుకోండి" అంది భర్తతో. "వాడికి చుక్కలు వేయడం రాదు. అద్దం ముందు నిలబడి మీరే వేసుకోండి."

"చెన్నై మీదుగా పోతే రేపు సాయంత్రానికి చేరతానంటావా?" అన్నారాయన.

భ్రమరాంబకు ఏమీ అర్థం కాలేదు. ఉత్తరం మళ్ళీ విప్పింది.

"సార్, రావద్దని రాశారు. ఇదిగో, మూడో వాక్యం. రావద్దు అని స్పష్టంగా ఉంది."

"అవునమ్మా. నువ్వు సరిగ్గానే చదివావు."

"నా పరీక్ష ఇంక ఇరవైమూడు రోజులే ఉంది సార్."

అన్నాక ఆమెకే సిగ్గేసింది. మాస్టారు కుర్చీలోంచి లేచి, ఆ ఉత్తరం ఆమె చేతిలోనే ఉంచి, వేళ్ళు మూశారు.

"ఇది నీ దగ్గర పెట్టుకో. నేనొచ్చేలోగా దీనిమీద ఐదు ప్రశ్నలు రాయి."

"జవాబులు?"

"జవాబులు నేను తెస్తా."

ఆ మధ్యాహ్నమే నల్లద్దాలతో, సంచీ భుజానికి తగిలించుకుని సింగరాయకొండ స్టేషనుకు ఆటో ఎక్కారు.

భ్రమరాంబ మొదటిరోజే నాలుగు ప్రశ్నలు రాసేసింది. ఏ కాయ కాయలేదు? ఏ పుస్తకం పంపుతున్నారు? సైకిల్ ఎవరికిచ్చారు? ఎవరిని రావద్దన్నారు? ఐదోది తట్టలేదు. ఉత్తరంలో ఇంకేం మిగిలిందని?

మాస్టారు లేకపోయినా పొద్దున ఏడింటికల్లా ఆ ఇంటికి పోవడం మానలేదు. మార్తమ్మగారు డాబా మీద వడియాలు పెడుతుంటే, కింద పరిచిన పాత చీర అంచులు సరిచేసి, కాకుల్ని తోలింది. నాలుగో రోజు ఉండబట్టలేక అడిగింది.

"అమ్మగారూ, సైకిల్ ఇచ్చేశారు అనగానే మీరు సంచీ దించారు. ఎందుకు?"

మార్తమ్మగారు గరిటెతో పిండి వేస్తూనే చెప్పింది.

"వాడికి ఆ సైకిలంటే ప్రాణమమ్మా. మొదటి జీతంతో కొనుక్కున్నాడు. ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. ఒకసారి మా చంటిదానికి ఫిట్సు వచ్చింది. ఈయన పోయి సైకిలడిగితే ఇచ్చాడు. ఇచ్చి, పక్కనే పరిగెత్తుకుంటా ఆస్పత్రి దాకా వచ్చాడు. సైకిల్ కోసం వచ్చాననేవాడు. తెల్లారిందాకా మాతోనే కూర్చున్నాడు. సైకిలేమో బయట వానలో తడుస్తా ఉంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, పిల్ల కోలుకుంది. వాడు సైకిలు తుడుచుకుని పోయాడు." ఆమె నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ప్రతి ఏడూ పనసకాయలకి రమ్మని ప్రాణం తీసేవాడు. కాయకపోయినా రమ్మనేవాడు. అటు జరుగు, నీడ పడుతుంది."

భ్రమరాంబ అటు జరిగింది.

ఇంటికి పోయి ఉత్తరం తీసింది. ఈసారి గడియారం పక్కన పెట్టుకోలేదు. గడగడా చదవలేదు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఆ మాట తనకే ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు పైకి చదివింది. మొదటి జోకు దగ్గర గొంతు సరిగ్గా పలికింది. రెండో జోకు దగ్గర పలకలేదు.

పనస కాయలేదు. నీ పుస్తకం నీకు పంపిస్తున్నాను. సైకిల్ ఇచ్చేశాను. నువ్వు రావద్దు.

వాళ్ళమ్మ లోపలికి వచ్చి, "ఏందే, ఏడుస్తున్నావా? పరీక్ష గురించా?" అంది.

"కాదమ్మా."

కళ్ళు తుడుచుకుని ఐదో ప్రశ్న రాసింది.

మాస్టారు పద్నాలుగో రోజున వచ్చారు. మనిషి చిక్కారు గానీ మొహం తేటగా ఉంది. కురువిల్లాగారికి గుండె ఆపరేషన్. తేదీ కూడా పెట్టేశారట. ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే పోయి చేరదామనుకున్నాడు. మాస్టారు వెళ్ళి, ఆస్పత్రిలో పక్కనే ఉండి, ఆపరేషన్ అయ్యాక ఇంటికి తీసుకొచ్చి, ఆయన అన్న కూతుర్ని పిలిపించి అప్పజెప్పి వచ్చారు.

"చుక్కలు వేసుకున్నారా?" అంది మార్తమ్మగారు.

"రెండు రోజులు మర్చిపోయా. తర్వాత వాడే వేశాడు, ఆస్పత్రి మంచం మీద కూర్చుని. సగం ముక్కులో పోశాడు."

ఆమె పైకి కోప్పడుతూ, ఆయన తాగే నీళ్ళలో పటికబెల్లం వేసి తెచ్చింది.

భ్రమరాంబ నోటుబుక్కు తెరిచింది. "నాలుగు ప్రశ్నలు ఉత్త దండగ సార్. చదవను. ఐదోది మాత్రం..."

"చదువు."

"ఈ ఉత్తరం రాసినాయన ఎవరికోసం ఎదురు చూస్తున్నాడు?"

మాస్టారు నల్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చాలాసేపు పట్టింది అది.

"జవాబు తెస్తానన్నారు సార్."

"నేను పోయేసరికి తలుపు తీసే ఉందమ్మా" అన్నారాయన.

పరీక్షకు మిగిలిన తొమ్మిది రోజులూ వాళ్ళు రోజుకొక్క పేరా మాత్రమే చదివారు. ప్రశ్నలున్న సగం కాగితాన్ని భ్రమరాంబే మడిచి కిందికి తిప్పేది. ఎంతసేపు పట్టిందో ఇద్దరూ చూసుకోలేదు. ఒకరోజు తేనెటీగల గురించిన పేరా చదివి, "ఈయనకి తేనెటీగలంటే ఇష్టమే గానీ కుడతాయని భయం సార్" అని ఆమె అంటే, వంటింట్లోంచి మార్తమ్మగారు, "ఉండదా మరి!" అంది.

ఆమెకు సీటు వచ్చిన సంగతి జులైలో తెలిసింది. వాళ్ళ నాన్న డిపోలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. కానీ మాస్టారికి ఆ సంగతి జులై దాకా ఆగి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

పరీక్ష ఒంగోలులో పడింది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె కేంద్రం గేటు దాటి వచ్చేసరికి, ఎదురుగా బడ్డీకొట్టు నీడలో మాస్టారు నిలబడి ఉన్నారు. వస్తానని చెప్పలేదు. చుట్టూ పిల్లలు ఒకరినొకరు పట్టుకుని అడుగుతున్నారు. పదహారోది నువ్వేం పెట్టావు? ఇరవై రెండు సి కదా? ఎన్ని వదిలేశావు?

"ఎట్టా ఉందమ్మా?" అన్నారు మాస్టారు.

భ్రమరాంబ ఆ గోల విననట్టే ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, కొండమీద ఒకావిడ ఉంది. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. రోజూ వాన ఎంత పడిందో కొలిచి రాస్తుంది. పేరా అంతా అదే, గాలీ వానా అంకెలూ." ఆగి, ఎండలోకి చూసింది. "పాపం, ఆవిడతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు సార్ అక్కడ."

"అలా అని రాసిందా?"

"లేదు సార్."

ఎన్ని ప్రశ్నలకు జవాబులు పెట్టావని మాస్టారు అడగలేదు. ఆమె చేతిలోని సంచీ తీసుకుని, బస్టాండు వైపు నడవడం మొదలుపెట్టారు. నాలుగడుగులు వేశాక మెల్లగా అన్నారు.

"ఇంకా ఏమందమ్మా ఆవిడ?"