ఓబులమ్మత్త తామర

మూడు రోజులుగా సుగుణకు ఒకటే తంటా. ఓబులమ్మత్త వేసిన తామర ముగ్గును కంప్యూటర్లో బ్రష్‌గా చేయాలని కూర్చుంటే, అది రంగులతో రానంటోంది.

ప్రొద్దుటూరులో దస్తగిరి సారు దగ్గర ఆమె డిజైనింగ్ నేర్చుకుంటోంది. దీపావళి కార్డుల కోసం తలా ఒక పండగ బ్రష్ చేసి తెమ్మని సారు పని పెట్టాడు. పువ్వో దీపమో ఒకసారి బ్రష్‌గా చేసి దాచుకుంటే చాలు, కావలసిన చోట మౌస్ నొక్కితే అచ్చు పడుతుంది. మిగతావాళ్లు నెట్లో దొరికిన ప్రమిదలతో పని కానిచ్చేశారు. సుగుణ మాత్రం పోయినేడు దీపావళికి ఫోన్లో తీసిన ఫోటో పట్టుకొచ్చింది. గడప ముందు తామర, రేకుల నిండా పసుపు, నడుమ కుంకుమ.

తల్లి లేని సుగుణను పెంచింది ఆ మేనత్తే. చిన్నప్పుడు ప్రతి పండక్కీ సుగుణ నీలం పొయ్యమని మారాం చేసేది. అత్త నవ్వి, "ఈ తూరికి పసుపే. నీ చెయ్యి తిరిగినాక నువ్వు నీలం పోద్దువులే" అని సర్దిచెప్పేది. మొన్న శ్రావణంలో అత్త పోయింది. ఫోటోలో ఉన్నదే ఆవిడ వేసిన చివరి దీపావళి ముగ్గు.

మొదటిసారి చేసినప్పుడు నేలంతా అచ్చు పడి, ముగ్గు గీతలు ఖాళీగా మిగిలాయి. నల్లగా ఉన్నదాన్ని పట్టుకుని తెల్లగా ఉన్నదాన్ని వదిలేయడం ఆ సాఫ్ట్‌వేర్ గుణం. సుగుణ నాలుక కరుచుకుని, ఫోటోలో తెలుపును నలుపుగా, నలుపును తెలుపుగా మార్చి మళ్లీ చేసింది. ఈసారి తామర చక్కగా వచ్చింది. పసుపూ కుంకుమా మాత్రం పోయి, బూడిద రంగు మిగిలింది.

బ్రష్‌లో ఆకారమే నిలుస్తుంది, రంగు నిలవదని సారు మొదటి వారమే చెప్పాడు. సుగుణ నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. అయినా అత్త ముగ్గు దగ్గరికి వచ్చేసరికి మనసు ఒప్పలేదు. పసుపును ఇంకా చిక్కగా చేసి చూసింది, కుంకుమను విడిగా పట్టి చూసింది. చివరికి మౌస్ పక్కకు తోసేసి కళ్లు తుడుచుకుంది.

సారు వచ్చి వెనక నిలబడ్డాడు.

"అత్త పసుపు రాలేదు సార్. ఎన్నిసార్లు చేసినా బూడిదే వస్తాంది" అంది సుగుణ.

సారు లోపలికెళ్లి, బీరువాలోంచి పాత గుడ్డలో చుట్టిన పల్చటి ఇనప రేకు ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. కంప్యూటర్లు రాకముందు ఆయన అంగళ్లకు బోర్డులు రాసేవాడు. పండగలొస్తే ఇలాంటి రేకులను గోడకు ఆనించి, పైన రంగు అద్ది పూలు వేసేవాడు. రేకు నడుమ ఒక పువ్వు ఆకారం కత్తిరించి ఉంది.

"నాకు పని నేర్పిన మా ఉస్తాద్ మౌలాలి కోసిన రేకు ఇది. ఆయన పువ్వుకు ఏం రంగేసేవాడో చెప్పు పాపా."

సుగుణ దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. అంచుల వెంబడి రంగులు పొరలు పొరలుగా పేరుకుపోయి ఉన్నాయి. పైన ఆకుపచ్చ, గోటితో గీరితే ఎరుపు, దాని కింద ఇంకేదో. పువ్వు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అందులోంచి ఆమె అరచెయ్యి కనిపిస్తోంది.

"తెలీడంల్యా సార్. అన్ని రంగులూ ఉండాయి."

"ఆయన పోయి ముప్పై ఏండ్లయింది. పై రంగులన్నీ నావే" అన్నాడు సారు. తర్వాత రేకు నడుమ వేలు పెట్టి చూపించాడు. "ఆయన నాకిచ్చింది ఈ ఖాళీ."

అంతే చెప్పి, వేరే వాళ్ల పని చూడ్డానికి వెళ్లిపోయాడు.

సుగుణ చాలాసేపు రేకును ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. అత్త మీద బెంగ ఒక్కసారిగా పొంగి, మెల్లగా సర్దుకుంది. అప్పుడు తెల్ల పేజీ ఒకటి తెరిచింది. రంగుల పెట్టెలో ఆమె చెయ్యి అలవాటుగా పసుపు మీదికే పోయింది. అక్కడ కాసేపు ఆగి, నీలం మీదికి జరిగింది.

ఒక్క నొక్కు నొక్కింది. పేజీ నడుమ అత్త తామర నీలంగా విచ్చుకుంది. అదే వంపు, అవే రేకులు. సుగుణ ఒళ్లు మరచి స్క్రీన్ మీదికి వేలు చాచింది.

వెనకనుంచి సారు గొంతు మెల్లగా వినిపించింది.

"ముట్టుకోవద్దు పాపా. ఆరనీ."