నక్కగారింట్లో గట్టిమేళం

చింతలకొండ అడవిలో పెళ్లిళ్లు మొదలయ్యాయంటే నక్క పాపయ్య కాలు ఒకచోట నిలవదు. పందిరి, విందు, మేళం అన్నీ ఆయనే కుదురుస్తాడు. మేళమంటే ఇంకెవరిది, వడ్రంగిపిట్ట సూరన్నదే. బోలు దుంగ మీద ముక్కుతో డోలు వాయించాడంటే ముసలి తాబేలు కూడా మెడ బయటపెట్టి ఊపాల్సిందే!

సూరన్న తాతముత్తాతలు తొర్రలు తొలిచి బతికారు. సూరన్నకు డోలంటే ప్రాణం. పొద్దున్నే సాధనకు కూర్చుంటే ఆయనకు కడుపు నిండిపోయేది. పెళ్లాం మంగాయికి అలా నిండేది కాదు, పాపం.

"ఈ పెళ్లిళ్లయ్యేలోగా నీ డోలు మనకు తిండి పెట్టకపోతే మళ్లీ తొర్రలు తొలుచుకుందువుగాని. పిల్లలు గాలి తిని పెరగరుగా!" అంది.

సూరన్న నేరుగా పాపయ్య దగ్గరికెళ్లాడు.

"అయ్యా, నా సంభావన..."

"సంభావనా? పెళ్లివాళ్లు ఏమిచ్చారని! అడవంతా నీ పేరు మోగుతోంది, చాలదుట్రా? అన్నట్టు, ఈ శుక్రవారం మా అమ్మాయి పెళ్లి. నువ్వు మా ఇంట్లోవాడివి, తప్పకుండా రావాలి."

సూరన్న తల ఒక పక్కకు వాల్చి ఆలోచించాడు. "అలాగేనండీ, ఇంట్లోవాడిలాగే వస్తాను."

వచ్చాడు. పెళ్లాంబిడ్డలతో ముందు వరసలో కూర్చుని, పన్నీరు చల్లించుకున్నాడు. హడావిడిలో పాపయ్య చూసుకోలేదు.

కొంగ శాస్త్రి చెయ్యెత్తాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

చప్పుడు లేదు. పందిరంతా నిశ్శబ్దం. అందులో గేదె రంగమ్మ హాచ్ అని తుమ్మింది. తాళి పట్టుకున్న పెళ్లికొడుకు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తాళి కట్టే వేళ తుమ్మా! మేళం ఏదండీ అన్నయ్యగారూ?" వియ్యపురాలు చివాల్న లేచింది.

పాపయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఒరే సూరన్నా, లేచి వాయించరా!"

"మేళగాణ్ణి తాంబూలమిచ్చి పిలవాలి కదండీ. మీరు ఇంట్లోవాడిగా రమ్మన్నారు. విందు ఎప్పుడండీ?"

ఉక్రోషంతో పాపయ్య తనే దుంగ మీదికి ఉరికి ముక్కుతో కొట్టాడు. టప్ మంది. ముక్కు బూరెలా వాచింది. నొప్పికి ఊళ పెట్టేసరికి మగపెళ్లివారు మూటలు సర్దడం మొదలెట్టారు.

అప్పుడు కుందేలు లేచింది. "అదేంటి పాపయ్యా! మా పిల్ల పెళ్లికి, సూరన్నకిమ్మని బుట్టెడు మేడిపళ్లు నీ చేతికిచ్చానే!"

"నేనూ ఇచ్చాను," అంది జింక. "నేనూ!" అంది నెమలి.

పాపయ్య తోక కాళ్ల మధ్యకు దూరింది. అటక మీద దాచిన ఆ బుట్టలన్నీ దింపించి, అందరి ముందూ సూరన్నకు తాంబూలమిచ్చాడు. ఇకమీదట ఏ పెళ్లి తాంబూలమైనా నేరుగా సూరన్న చేతికేనని ఒప్పుకున్నాడు.

"ముహూర్తం దాటలేదు, కానివ్వండి!" అన్నాడు శాస్త్రి.

సూరన్న దుంగెక్కాడు. అబ్బ, ఏం వాయించాడు! ఆకులు అదిరాయి, పెళ్లికూతురి కాళ్లు ఆగలేదు. రంగమ్మ మళ్లీ తుమ్మింది, ఎవరికీ వినపడలేదు. మంగాయి మేడిపళ్లు పిల్లల నోట్లో పెడుతూ, "తొర్రలు ఇంకెవరైనా తొలుచుకుంటార్లే," అంది సంతోషంగా.

పాపయ్య వాచిన ముక్కుతోనే సూరన్న ఆకులో స్వయంగా వడ్డించాడు.

నీతి: చప్పట్లతో పాటు తాంబూలమూ అందితేనే మేళగాడి ఇంట్లో పండగ.