నాంచారమ్మ ఇంటి ముర్రుపాలు

"తమకే అన్నీ తెలుసని బిగుసుకున్నవాళ్లకు మంచి చెప్పడం దేనికి స్వామీ?" అని శిష్యుడు పానకాలు అడిగాడు. అడిగినదానికి వెంటనే జవాబివ్వడం సోమయోగికి అలవాటు లేదు. జోలె భుజాన వేసుకుని భిక్షకు బయలుదేరాడు.

నాంచారమ్మ ఇంటి దగ్గర పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఆకలి ఏడుపు. పురుడున్న ఇల్లని శిష్యుడు వెనక్కి తగ్గాడు. గురువు నేరుగా దొడ్లోకి నడిచేసరికి అతనూ వెంట వెళ్లక తప్పలేదు. ఆ ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు. బాలింతకు మొదట వచ్చే ముర్రుపాలు చెడ్డవని నేలపాలు చేయించి, బిడ్డకు పంచదార నీళ్లు పోయించడం నాంచారమ్మ పద్ధతి. కోడలు తిరపతమ్మ తొలిచూలు బిడ్డ అలాగే నీరసించి, దక్కకుండా పోయింది. ఇప్పుడు రెండో కాన్పు బిడ్డకూ అదే పద్ధతి. అయినా బుద్ధి రాలేదు మహాతల్లికి! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

దొడ్లో ఆవు అప్పుడే ఈనింది. నాంచారమ్మ దూడ మూతిని పొదుగుకు ఆనిస్తోంది.

"ఆ పాలు పిండి పారబొయ్యమ్మా, దూడకు చేటు," అన్నాడు యోగి.

"చాల్లే సామీ! ముర్రుపాలు పడకపోతే దూడ నిలుస్తుందా? గడ్డం పెంచారు గానీ ఆమాత్రం తెలియదా?"

"మరి లోపలున్న బిడ్డ నిలుస్తుందా?"

ఆమె గయ్యిమని లేచింది. "దూడ వేరు, మనిషి వేరు! మా అత్త పారబోయించింది, నేనూ పారబోయిస్తా. బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా ఇంతే!"

యోగి ఊరుకోలేదు. దూడకైనా బిడ్డకైనా ముర్రుపాలే ప్రాణమని ఇల్లంతా వినబడేలా గొంతు పెంచి మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆయన చెప్పినకొద్దీ ఆవిడ ఇంకా బిగుసుకుంది. చివరికి ఇద్దర్నీ సందులోకి గెంటి, దొడ్డి తలుపు ధడాలున వేసింది.

పానకాలు భగ్గుమన్నాడు. "చూశారా? కళ్లెదుట దూడకు తాగిస్తూ మనవణ్ణి మాడుస్తోంది, సిగ్గులేని మనిషి! అలాంటిదానితో అంతసేపు గొంతు చించుకున్నారు. ఆవిడ మారదని నాకు ముందే తెలుసు!"

గురువు చేత్తో సందువైపు కిటికీ చూపించాడు. లోపల తిరపతమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చెంగు చాటున బిడ్డ చప్పరిస్తూ పాలు తాగుతోంది. అత్త అడుగుల చప్పుడుకు బెదురుతూనే ఆ తల్లి బిడ్డను ఇంకా దగ్గరకు అదుముకుంది.

"నేను మాట్లాడింది నాంచారమ్మతో అని నీకెవరు చెప్పారురా?" అన్నాడు సోమయోగి.