ఆకు దుయ్యని మల్లెతోట

అనగనగా అని నేనంటే ఊఁ అని మీరనాలి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ముందుకు కదలదు. అనగనగా ఒక ఎండల రాజ్యం.

ఎండలంటే అలాంటిలాంటి ఎండలు కావు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ మాట తమ ఊళ్ళోనే పుట్టిందని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. వేరే దేశాల్లో వేసవి రాగానే తోటలు ముఖం వేలాడేసేవి. ఈ రాజ్యంలో తోటలకు వేసవే పండుగ. ఎండ ముదిరేకొద్దీ గన్నేరు గుత్తులు వేసేది, కనకాంబరం కంచె పొడుగునా పూసేది, మందారం పొద్దున్నే విచ్చుకునేది. అన్నిటికీ రాణి మల్లె. మల్లెలు పూయని వేసవిని అక్కడ ఎవరూ వేసవి అనేవారు కాదు.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. రోహిణి కార్తె ప్రవేశించిన రోజున కోవెలలో అమ్మవారికి చల్లగా మల్లెపూల పందిరి వేయాలి. ఆ పూలు ఊరికి తూర్పున ఉన్న శేషమ్మగారి తోటలోంచే రావాలి. వాళ్ళ పెద్దలకు ఆ తోట ఇచ్చిన రాజుగారు అలా మాట తీసుకున్నారు. ఏ ఏడైనా పందిరికి పూలు అందకపోతే తోట తిరిగి కోటకు చేరుతుంది.

శేషమ్మ కోడలు తాయారు. కాపురానికి కొత్తగా వచ్చిన పిల్ల, మనసు వెన్న. దారిలో చీమలబారు కనిపిస్తే అవి దాటేదాకా నిలబడే రకం. పెరట్లో కుక్క మూలిగిందంటే తన పెరుగన్నం దానికి పెట్టి, తాను మజ్జిగతో సరిపెట్టుకునేది.

పుష్యమాసంలో శేషమ్మ కూతురికి పురుడు పోయడానికి పొరుగూరు ప్రయాణమైంది. బండి ఎక్కుతూ కోడలికి మూడు పనులు అప్పగించింది.

"మాఘం రాగానే పాదులకు నీళ్ళు ఆపెయ్యి. మొక్కలు వడిలాక ఆకంతా దూసెయ్యి. ఆపైన కొమ్మలు కత్తిరించి, అప్పుడు మళ్ళీ నీళ్ళు పెట్టు. తోట నీ చేతుల్లో పెడుతున్నానే తాయారూ."

ఎందుకని తాయారు అడగలేదు, ఇందుకని శేషమ్మ చెప్పలేదు. అత్తాకోడళ్ళ మధ్య ఇది మామూలే.

ఆ కాలంలో మొక్కలు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనకే తీరిక లేదు.

మాఘం వచ్చింది. తాయారు నీళ్ళు ఆపింది. నాలుగు రోజులు గడిచాయో లేదో, బొడ్డుమల్లె తల వాల్చేసి, గొంతు తడారిపోతోంది, ఒక్క చెంబెడు నీళ్ళు పొయ్యమని బతిమాలింది. తాయారు కాదనలేకపోయింది. చెంబుతో ఆగకుండా కడవ తెచ్చి పోసింది. దానికి పోసి పక్కదానికి పోయకపోతే ఏం బాగుంటుందని తోటంతా తడిపింది.

ఆ తర్వాత ఆకు దుయ్యబోయింది. దొంతరమల్లె గజగజ వణికి, ఈ చలిలో ఒంటి మీద చీర లాగేస్తావా అని అడిగింది. ఆడపిల్లకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తాయారు సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

చివరికి కత్తెర పట్టుకుని తీగమల్లె దగ్గరికి వెళ్ళింది. అది కత్తెరను చూసి, చిటారు కొమ్మ దాకా ఒక్కసారి వణికి ఊరుకుంది. ఇంకేముంది, కత్తెర అటకెక్కింది, తాయారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పక్కతోట గురవయ్య కంచె మీంచి తొంగిచూసి, ఆకు దుయ్యలేదేమమ్మా అని పలకరించాడు. మనసొప్పలేదు బాబాయ్ అంది తాయారు. ఎవరి తోట వారిష్టం అనుకుంటూ గురవయ్య వెళ్ళిపోయాడు. అతని మొక్కలు అప్పటికే మోడులై, పొయ్యిలో పెట్టడానికి సిద్ధంగా ఉన్న పుల్లల్లా నిలబడ్డాయి. కంచె అడ్డం లేకపోతే తాయారు వాటికీ ఓ కడవ పోసేదే.

ఫాల్గుణంలో రాణి వసుంధరాదేవి పల్లకి అటుగా వచ్చింది. తాయారు తోట చిలకపచ్చగా కళకళలాడుతోంది. ఇంత పచ్చదనం కోటలోనూ లేదని రాణి మెచ్చుకుని తాయారు బుగ్గ పుణికింది. గురవయ్య తోటను చూసి చెలికత్తెలు, ఇది తోటా, కట్టెల అడితా అని కిసుక్కున నవ్వారు. ఆ పూట తాయారుకు రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

చైత్రం వచ్చింది. ఎండ చురుక్కుమంది. గురవయ్య పుల్లలు చిగిర్చాయి. చిగురు చిగురుకీ మొగ్గ తొడిగాయి. సాయంత్రమయ్యేసరికి ఆ తోట వాసన వీధి చివరి దాకా వచ్చేది. పొద్దుటినించీ తుమ్మెదల రొద అక్కడే.

తాయారు తోటలో మాత్రం ఆకు మీద ఆకు, కొమ్మ మీద కొమ్మ. మొగ్గ మాటే లేదు. ఆమె ఒక్కొక్క ఆకూ ఎత్తి వెతికింది. ఏమీ దొరకలేదు. రోహిణి కార్తె ముంచుకొస్తోంది. పందిరి పడకపోతే తోట పోతుంది. అత్తగారు తిరిగొచ్చేసరికి ఆమె పుట్టెడు నమ్మకంతో వదిలివెళ్ళిన తోటకు కోట భటులు కాపలా ఉంటారు.

తాయారు మొగుడు రంగనాథం దండలు కట్టి సంతలో అమ్ముకునేవాడు. అతను తేలిగ్గా, గురవయ్య పూలు కొని మనవేనని వేసేద్దాం అన్నాడు. అమ్మవారికి వేసే నీడ అబద్ధంతో వెయ్యకూడదని తాయారు ఒప్పుకోలేదు.

ఒప్పుకోలేదు గానీ ఏం చెయ్యాలో తోచక తోటలోకి వెళ్ళి చతికిలబడింది. అక్కడ బొడ్డుమల్లె మూతి ముడుచుకుని ఉంది.

"చైత్రం సగమైంది. ఒక్క తుమ్మెద నా గుమ్మం తొక్కలేదు. నన్నిలా ఎందుకు చేశావు తల్లీ?"

తాయారుకు ఒళ్ళు మండింది. "నీళ్ళడిగింది నువ్వే కదే?"

"దాహమేసింది, అడిగాను. అడగడం నా వంతు. ఎప్పుడివ్వాలో చూసుకోవడం నీ వంతు కాదూ?"

అత్తగారు చెప్పిన మూడు మాటలూ తాయారుకు అప్పుడు అర్థమయ్యాయి. కడుపు నిండినన్నాళ్ళూ మల్లెకు ఆకుల మీదే ధ్యాస. ఎండి, వడిలి, ఒళ్ళు బోడి చేసుకుంటే గానీ దానికి పువ్వు మాట గుర్తు రాదు.

ఆమె లేచి నీళ్ళు ఆపింది. ఈసారి మాఘం చలి కాదు, చైత్రం ఎండ. మొక్కలు గోల పెట్టాయి. ఆకు దూస్తుంటే ఇంకా గోల పెట్టాయి. అటక మీది కత్తెర కిందికి దిగేసరికి బొడ్డుమల్లె సైతం తానన్న మాట మరిచిపోయి, వద్దు వద్దని ఏడ్చింది.

"ఏడవండి. నేనూ ఏడుస్తాను. చెయ్యి మాత్రం ఆపను" అంది తాయారు. అన్నట్టే కొమ్మ కొమ్మకూ ఏడ్చి, కొమ్మ కొమ్మనూ కత్తిరించింది. ఆ పైన పాదులు తవ్వి, ఎరువు వేసి, నిండా నీళ్ళు పెట్టింది.

సరిగ్గా అప్పుడే రాణిగారి పల్లకి రెండోసారి వచ్చింది. పచ్చని తోట ఉండవలసిన చోట మోడులు కనిపించి రాణి తెల్లబోయింది. ఎండదెబ్బ తగిలిందని చెప్పెయ్యమ్మా అని ఒక చెలికత్తె తాయారు చెవిలో ఊదింది.

"ఎండ తప్పేమీ లేదు మహారాణీ. వేళకు చెయ్యవలసిన పని నేనే చెయ్యలేదు. ఇప్పుడు చేశాను" అంది తాయారు తలవంచుకుని.

నిజం చెప్పినందుకు రాణి సంతోషించింది. కానీ పెద్దల కట్టుబాటు తాను మార్చలేననీ, రోహిణి నాటికి పూలు రాకపోతే తోట కోటదేననీ చెప్పి వెళ్ళింది.

అప్పటికి పూస్తుందా అని తాయారు గురవయ్యను అడిగింది. అతను తల గోక్కుని, ఎండ గట్టిగా కాస్తే పూయొచ్చు, మబ్బు పట్టిందా, నీ అదృష్టం అన్నాడు.

ఇక చూడండి తమాషా. ఊరంతా విసనకర్రలు విసురుకుంటూ సూర్యుణ్ణి తిట్టుకుంటుంటే, తాయారు ఒక్కతే పొద్దున్నే దణ్ణం పెట్టి, ఇంకాస్త కాయి స్వామీ అని వేడుకునేది. కావిడి మోసేవాళ్ళు విని ఈ పిల్లకు పిచ్చెక్కిందన్నారు. సూర్యుడికి మాత్రం తనను రమ్మని పిలిచే మనిషి ఎన్నాళ్ళకో దొరికింది. ఆ ఏడు ఆయన చేతనైనంతా కాశాడు. కాకులు నోళ్ళు తెరిచాయి, బావుల్లో నీళ్ళు అడుగంటాయి. తాయారు ఏతంతో తోడగలిగినన్ని తోడి పాదులు తడపడం మానలేదు.

వైశాఖం వెళ్ళేలోపు మోడులు చిగిర్చాయి. చిగుళ్ళ చివర తెల్లగా ఏదో మెరిస్తే తాయారు మొదట నమ్మలేదు. తెల్లారేసరికి అలాంటివి తోటంతా ఉన్నాయి.

రోహిణి వచ్చింది. ఊళ్ళో మిగతా తోటల్లో పూత అయిపోవచ్చింది. తాయారు తోటలో మల్లెలు ఆకు కనపడకుండా పూశాయి. బుట్టలు చాలక చీరకొంగుల్లో పోసి మోశారు. పందిరి ఎంత దట్టంగా పడిందంటే, మిట్టమధ్యాహ్నం అమ్మవారి పాదాల దగ్గర ఒక్క ఎండపొడ లేదు. మూడోసారి వచ్చిన రాణి ఆ పందిరి కింద నిలబడి, తోట ఎప్పటికీ మీదేనమ్మా అంది. బొడ్డుమల్లె ఊరికే ఉంటుందా, తుమ్మెదలన్నిటికీ ఇదంతా తన తెలివేనని చెప్పుకుంది.

ఆ సాయంత్రమే శేషమ్మ బండి దిగింది. తోటను చూసింది. కొమ్మల మీది కత్తెర గాట్లు ఇంకా పచ్చిగా ఉండటమూ చూసింది. ఆలస్యంగా దూశావు కదూ అని అడిగింది.

తాయారు దాచలేదు. "అవి ఏడుస్తుంటే వినలేకపోయాను అత్తయ్యా. మీకు ఇన్నేళ్ళూ చేతులెలా వచ్చాయి?"

శేషమ్మ కోడలి తలలో మల్లెచెండు తురిమింది.

"నాకు మాత్రం వినపడదనుకున్నావా పిచ్చిదానా? ప్రతి మాఘంలోనూ కళ్ళు తుడుచుకుంటూనే దూస్తాను."

అంచేత పిల్లలూ, పెద్దలూ, జాలిపడటం తేలిక, మేలు చేయడం కష్టం. నిజంగా ప్రేమించినవాళ్ళే ఆ కష్టం పడతారు.