కలగూరమ్మ కనుమలో పురుగుకు తొలి పూజ

ఈ స్థల మహిమను నమ్మలేని వారుంటే ఇప్పుడే చెప్పాలి. కింద బస్సు ఇంకా కదలలేదు, డ్రైవరు టీ తాగుతున్నాడు, హాయిగా ఎక్కి వెళ్ళిపోవచ్చు. ఉండిపోయిన వారు మాత్రం చివరి అక్షరం దాకా వినాలి. విన్న తరువాత అనుమానం ఉందంటే నేను ఒప్పుకోను. యాభై రెండేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను, ఇంతవరకు ఇందులో తప్పు పట్టినవారు లేరు. పట్టబోయిన ఇద్దరు ఇప్పుడు మన గుడి ముందే కొబ్బరికాయలు అమ్ముకుంటున్నారు.

వెలిగొండల వరుసలో, తూర్పు నుంచి ఉప్పూ పడమటి నుంచి జొన్నలూ దాటిన పాత ఎడ్లబాట మీద ఈ కనుమ ఉన్నది. రెండు వందల పన్నెండు మెట్లు ఎక్కితే గుడి. గర్భగుడిలో అమ్మవారికి చేతులు లేవు, కిరీటం లేదు, ఆయుధం లేదు. తాటాకుల కట్ట ఆకారంలో వెలసిన నల్లరాయి, ఆ రాతికి ఎడమ పక్కన బొటనవేలంత పురుగు. శుక్రవారం తెల్లవారగానే తొలి పసుపు, తొలి బొట్టు, తొలి నైవేద్యం ఆ పురుగుకే. అమ్మవారికి ఆ తరువాత. సింహాన్ని, నెమలిని, ఎలుకను కొలిచే క్షేత్రాలు లోకంలో చాలా ఉన్నాయి. పుస్తకాలు తినే పురుగును కొలిచే క్షేత్రం ఇదొక్కటే. కాదన్నవారు రెండోది చూపించాలి.

రాతి పక్కన పీట మీద ఉన్నది అసలు పొత్తం. తొమ్మిది వందల ఒక్క తాటాకులు, ఒక్కొక్కటి ఒక్కో పొడవు. ఎవరు రాశారని అడిగితే చెప్పడానికి ఒక పేరు లేదు. ఏ శాస్త్రమని అడిగితే చెప్పడానికి ఒక శాస్త్రం లేదు. తేలుకాటు మందు పక్కన పొడుపుకథ, దాని పక్కన ఎద్దు సుడుల లక్షణం, ఆ పక్కన మంగళహారతి. ఇటువంటి పుస్తకం ఒకప్పుడు ఇంటింటా ఉండేది. వర్తకుడి మూటలో ఒకటి, మంత్రసాని గూట్లో ఒకటి, పెళ్ళిళ్ళు చేయించే పెద్దముత్తైదువ పెట్టెలో ఒకటి. తాటాకు పోయి కాగితం వచ్చినా ఆ వంశం నిలిచింది. పంచాంగం వెనక పేజీల్లో బల్లిపాటు ఫలితం కింద రైళ్ళ వేళలు, వాటి కింద జలుబుకు కషాయం అచ్చు వేసేవారు, మీరూ చూసే ఉంటారు. పండితులు తమ చరిత్రల్లో దీనికి ఒక పీట కూడా వేయలేదు. వేయకపోతే పోనివ్వండి. ఒక్కడు రాసిన పుస్తకం ఒక్కడి ఇల్లు, తలుపు తట్టి లోపలికి రావాలి. ఇది సత్రం. ఏ వైపు నుంచైనా రావచ్చు, ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు, వెతుక్కుంటూ వచ్చింది దొరకకపోయినా ఉత్త చేతులతో వెళ్ళరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఎడ్లబాట పక్కన ఒక తాటాకు పాక, అందులో ఓబక్క అనే స్త్రీ ఉండేవారు. ఆమె పెనిమిటి పెంచలయ్య ఉప్పు మోసే ఎడ్ల వర్తకుడు. ఒక వేసవిలో ఆయన ఇక్కడే విషజ్వరంతో పోయాడు. మరునాడు దాటిన బిడారువారు ఆ సంగతి విని, "అయ్యో, మొన్న ఈ దారిన పోయిన ముసలాయనకు ఆ జ్వరానికి మందు తెలుసమ్మా" అన్నారు. ఓబక్క ఏడవలేదు. ఉప్పు బస్తాలకు ఆనుకుని కూర్చుని, ఆ మధ్యాహ్నం అలాగే కునుకు తీశారు. కలలో పచ్చటి చీర కట్టుకున్న ఒక ముత్తైదువ వచ్చి ఇలా చెప్పింది.

"ఓబక్కా, ఈ కనుమ దాటే ప్రతి మనిషికీ ఒక సంగతి తెలుసు. మనిషి దాటితే సంగతీ దాటిపోతున్నది. దాన్ని పట్టి ఆపు. ముందొచ్చింది ముందు, వెనకొచ్చింది వెనక. వరుస మార్చిన రోజు నేను లేచిపోతాను."

నిద్ర లేచిన ఓబక్క గంటం పట్టారు. రాత పెనిమిటి దగ్గర నేర్చినదే. ఆనాటి నుంచి పాక ముందు ఎవరు ఆగినా మజ్జిగ ఇచ్చి, "నీకు తెలిసిందొకటి చెప్పిపో" అనేవారు. ఏమీ తెలియదన్నవాడిని ఆమె కదలనిచ్చేవారు కాదు. ఒకడు మూడు రోజులు కూర్చుని, చివరికి తన మేనత్త తిట్లు వరుసగా చెప్పి బయటపడ్డాడట. అవి నూట నలభయ్యో ఆకు మీద ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలు వెంట ఉంటే ఆ ఆకు చదవము. ఇరవై రెండేళ్ళలో తొమ్మిది వందల ఆకులయ్యాయి. ఒక్క తాడుకు గుచ్చిన ఆ పొత్తాన్ని పాకలో మార్చి పెట్టాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. ఓబక్క మాత్రం ఒంటి చేత్తో ఎత్తేవారు. నేను తగ్గించే చెబుతున్నాను.

ఆ పొత్తంలో పురుగు పడింది. వేపనూనె పూసి చంపమని దారినపోయేవాళ్ళు చెప్పారు.

"అదీ బాటసారే" అన్నారు ఓబక్క. "కనుమ దాటుతున్నది, దాటనివ్వండి."

పురుగు మొదటి ఆకులో దూరి, ఒక్కొక్క ఆకే తొలుచుకుంటూ, ఏడేళ్ళకు చివరి ఆకులో బయటికి వచ్చింది.

ఆ రోజుల్లో కనుమకు పూట నడక దూరంలో చిట్టెకోన కోట ఉండేది. దాని ప్రభువు నరసప నాయకుడు. పొత్తం పేరు ఆయన చెవిన పడింది. బండి పంపి పొత్తాన్నీ ఓబక్కనూ కోటకు రప్పించాడు. పక్కన ఆస్థాన పండితుడు తిరువెంగళాచార్యులు. ఆచార్యులవారు సామాన్యులు కారు. పద్దెనిమిది శాస్త్రాలు కంఠస్థం, ఆయన తుమ్మినా ఛందస్సు తప్పేది కాదంటారు. ఆయన నాలుగు ఆకులు తిప్పి చేతులు కడుక్కున్నారు.

"స్తోత్రం పక్కన పప్పు, పప్పు పక్కన పశువుల రోగం. ఇది పుస్తకమా, కలగూరగంపా? దొరవారు సెలవిస్తే దీన్ని విడదీసి ఆరు మంచి గ్రంథాలు చేస్తాను. ఆరింటికీ మీ పేరే పెడదాం. పనికిరాని పాటలు మాత్రం వంటింట్లోకి పోతాయి, పొయ్యికి."

ఆరు పుస్తకాల మీద తన పేరు అనగానే నాయకుడి మీసం నిక్కింది.

ఓబక్క అడ్డం నిలబడ్డారు. "దొరా, దాన్ని విప్పొద్దు. విప్పితే అది చచ్చిపోతుంది."

"ఆకులన్నీ ఉంటాయి కదే ముసలీ. సర్దుతాము, అంతే" అన్నాడు నాయకుడు.

"నీ చేయి ఒక చోట, కాలు ఒక చోట సర్దిపెడితే అన్నీ ఉన్నట్టేనా, దొరా?"

దొరతో అటువంటి మాట అన్న మనిషి ఆ కోటలో అంతకు ముందు లేడు, తరువాతా లేడు. నాయకుడు ఆమెను కొట్టించలేదు గాని మాటా వినలేదు. ఓబక్కను బయటికి పంపి తాడు కోయించాడు. నెల తిరిగేసరికి ఆరు కట్టలు తయారయ్యాయి. వైద్యం, పశువులు, స్తోత్రాలు, జలం, వంట, నీతులు. పాటల కట్ట వంటింటి పొయ్యి పక్కకు చేరింది.

ఇక రోహిణి కార్తె వచ్చింది. అటువంటి ఎండ మళ్ళీ పుట్టలేదు. కోట బురుజు మీద పెట్టిన గంట కరిగి వంకర పోయింది. కోట బావి అడుగున మట్టి పగిలింది. లోపల మూడు వందల ప్రాణాలు, బయట మందలు. ఆచార్యులవారు జలం కట్ట తెచ్చి మొదటి నుంచి చివరికి చదివారు. ఏ నీళ్ళు తాగకూడదో ఉంది గాని ఎక్కడ దొరుకుతాయో లేదు. మూడో రోజుకు పసిబిడ్డల నాలుకలు పిడచగట్టాయి. నాయకుడు ఓబక్క దగ్గరకు మనిషిని పంపాడు.

"నీళ్ళ సంగతి పప్పు ఆకులో ఉంది, చూసుకోండి" అని ఆమె కబురు పెట్టారు. అంతకు మించి ఆమెకూ గుర్తు లేదు. తొమ్మిది వందల సంగతులు గుర్తుంటే రాయడం దేనికి?

వంట కట్ట విప్పారు. ఆకు దొరికింది. "వేసవిలో కందిపప్పు ఉడకకపోతే ముందు ఆకులో చెప్పిన చోటి నీళ్ళు పోయాలి. ఆ ఊట రోహిణిలో కూడా ఎండదు" అని ఉంది. అందరికీ ప్రాణం లేచి వచ్చింది. ఆచార్యులవారి సర్దుబాటు ప్రకారం ముందు ఆకు తిప్పారు. అందులో నిమ్మకాయ ఊరగాయ పెట్టే విధానం, చివర "అటక మీద ఉత్తరపు మూల" అని ఉంది. దాహానికి మతి పోయిన నాయకుడు పలుగులిచ్చి పన్నెండు మంది భటులను అటక ఎక్కించాడు. వాళ్ళు తవ్వారు. అటక కూలింది. పన్నెండు మందీ పిండి బానల్లో పడ్డారు. నీళ్ళు రాలేదు.

అప్పుడు నాయకుడు తానే చెప్పులు లేకుండా కనుమకు నడిచి వచ్చాడు.

"అవ్వా, తప్పయింది. వరుస నీకు తెలుసా?"

"తెలియదు నాయనా."

"మరి ఎవరికి తెలుసు?"

"మొదటి నుంచి చివరి దాకా ఈ పొత్తాన్ని చదివింది నువ్వు కాదు, నేను కాదు, మీ ఆచార్యులవారు అంతకన్నా కాదు. పురుగు చదివింది. అది నడిచిన దారి ప్రతి ఆకు మీదా ఉంది. ఒక ఆకు చిల్లు మరో ఆకు చిల్లు మీద కూర్చుంటే, ఆ రెండూ పక్కపక్కవి. విప్పిన చేతులే గుచ్చాలి. కూర్చోమను ఆయన్ని."

ఓబక్క కోటకు రాగానే, ఆమె ఎదుట తిరువెంగళాచార్యులు కూర్చున్నారు. ఇక్కడ ఆయన గొప్ప కూడా చెప్పాలి. ఇంకొకడైతే సిగ్గుతో ఊరు వదిలేవాడు. ఆయన ఉత్తరీయం నడుముకు బిగించి, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆకు మీద ఆకు పెట్టి చిల్లులోంచి వెలుగు చూస్తూ ఒక్కొక్కటే గుచ్చారు. మంచినీళ్ళు ముట్టలేదు. ఉంటే కదా ముట్టడానికి. పప్పు ఆకు చిల్లుకు ఆరు కట్టల్లో ఏ చిల్లూ కుదరలేదు. "పాటలు తెప్పించండి" అన్నారు ఓబక్క. వంటవాడు కట్ట తెచ్చి, పదిహేడు ఆకులు అప్పటికే జావ కాచడానికి వాడేశానని ఒప్పుకున్నాడు. ఆచార్యులవారు ఆ మాట విని ముఖం తిప్పుకున్నారు. మిగిలిన పాటల్లో ఇరవయ్యో ఆకు చిల్లు వచ్చి పప్పు ఆకు చిల్లు మీద అతికినట్టు కూర్చుంది. అదొక జోలపాట. మేకలు కాసుకునే తల్లి ఎవరో పాడి, ఆ వెంటనే పప్పు సంగతి చెప్పి వెళ్ళింది.

రెండు బండల నడుమ రేలచెట్టు నీడ
ఉయ్యాల కట్టాను జో జో
తడి ఇసుక మీద తల్లి పాదం మోపి
ఊపుతా నిను నేను జో జో

కనుమలో రెండు బండల నడుమ రేలచెట్టు ఒకటే ఉంది. మూరెడు తవ్వగానే నీళ్ళు మనిషెత్తు లేచాయి. కొందరు తాటిచెట్టెత్తు అంటారు, అది అతిశయోక్తి. మూడు వందల ప్రాణాలు నిలిచాయి. ఊట నోటికి అడ్డంగా ఉన్న నల్లరాతిని పక్కకు దొర్లిస్తే అది తాటాకుల కట్టలా ఉంది, పక్కన పురుగుతో సహా. ఆ రాయే ఇప్పుడు మీరు మొక్కుతున్న అమ్మవారు.

నాయకుడు గుడి కట్టించి తన పేరు చెక్కిస్తానన్నాడు.

"పేరు వద్దు దొరా. నీకు తెలిసిందొకటి చెప్పు, రాసుకుంటాను" అన్నారు ఓబక్క.

నాయకుడు చాలాసేపు ఆలోచించాడు. చివరికి, కట్టుతాడు నమిలే గుర్రం చేత అది మాన్పించే ఉపాయం చెప్పాడు. అది తొమ్మిది వందల ఒకటో ఆకు అయింది. కాలిపోయిన వాటి చోట ఆచార్యులవారు పదిహేడు ఖాళీ ఆకులు గుచ్చారు గనుక లెక్క మారలేదు. అమ్మవారికి ఏ పేరు పెట్టాలని అడిగితే ఓబక్క నవ్వి, "ఆచార్యులవారు సభలో పెట్టారు కదా, అదే ఉంచండి" అన్నారట. తొలి అర్చకుడు ఆ ఆచార్యులవారే. పురుగుకు తొలి పూజ ఆయన పెట్టిన ఆచారమే.

నేటికీ ఇక్కడికి వచ్చిన ప్రతి భక్తుడూ తనకు తెలిసిన సంగతి ఒకటి కాగితం మీద రాసి ఇవ్వాలి. రాత రాకపోతే చెప్పాలి, మేము రాస్తాము. వానలో స్టార్టు కాని స్కూటరుకు ఏం చేయాలో, కుక్కరు విజిలు రాకపోతే ఏం చూడాలో, మరదలిని ఆటపట్టించే పాట, ఏదైనా సరే. వచ్చిన వరుసలో కుడతాము. కలెక్టరు కాగితం కూలివాడి కాగితం తరువాత వస్తే తరువాతే. తరువాత భక్తుడు కళ్ళు మూసుకుని ఒక పేజీ తీసి పైకి చదవాలి. అదే ప్రసాదం. విషయాల వారీగా సర్ది మంచి పుస్తకాలు వేస్తామని ఇప్పటికి పదకొండు మంది వచ్చారు. మజ్జిగ ఇచ్చి పంపాము. ఇకముందు వచ్చేవారికీ మజ్జిగే.

అమ్మవారిని సేవించిన వారికి పోయిన వస్తువులు దొరుకుతాయి, మరచిన మాటలు జ్ఞాపకం వస్తాయి. జ్యేష్ఠ మాసంలో జరిగే తిరునాళ్ళలో ఆ పదిహేడు ఖాళీ ఆకులను తీసి అందరికీ చూపి, "మీ అవ్వలు పాడిన పాట ఏదైనా ఉంటే పాడండి" అని అడుగుతాము. పొయ్యిలో పెట్టినంత మాత్రాన పాట పోతుందని మేము ఒప్పుకోలేదు, ఒప్పుకోము. ఇప్పటికి రెండు ఆకులు నిండాయి. రెండోది నిరుడు. ఒక పెద్దామె లేచి, ఇసకపాళెం రేవులో ఏడో గాజు జారిపోయిందని ఒక పాట పాడింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. గుడికి రావడం అదే మొదటిసారి. ఒక ఖాళీ ఆకు తరువాత ఉన్న ఆకు అప్పుడు గుర్తొచ్చి, తీసి చదివాము. నాలుగు వందల ఏళ్ళుగా ఎవరికీ అర్థం కాక పడి ఉన్న ఆకు అది. దాని మీద ఎవరో బాటసారి చెప్పిన మాట ఇలా ఉంది: "పై పాటలో పోయిందన్న ఏడో గాజు నాకు దొరికింది. ఇసకపాళెం రేవులో అడిగితే ఇస్తాను."

పాడిన మనిషి బతికే ఉన్నది. బస్టాండు వెనక పరుపులు కుట్టే ఇల్లు, నీలం తలుపు. పేరు దూదేకుల హుసేనమ్మ. వెళ్ళి అడగండి.