సుకిరమ్మతో మాట్లాడినవాడు

కొండ మీది సుకిరమ్మ వాళ్ళ భాషకి పేరు లేదు. "మా మాట" అనుకునేవాళ్ళు, అంతే. అది మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే పోగా చివరికి సుకిరమ్మ, ఆమె చెల్లెలు జంబి మిగిలారు. కిందటి వానాకాలంలో జంబి కూడా పోయింది.

అప్పుడే కొండ కింది ఆశ్రమంలో ఉండే అచలస్వామి తన శిష్యుడు విద్యాధరుణ్ణి పిలిచి, "కొండ మీదికి వెళ్ళి ఆ అవ్వతో మాట్లాడుతూ ఉండు" అన్నాడు. విద్యాధరుడు ఒకసారి విన్న మాట మరిచిపోడు.

వేసవి మొదట్లో అతను చిరాగ్గా ఆశ్రమానికి తిరిగొచ్చాడు.

"స్వామీ, అవ్వ నోరు మూసేసింది. ఏమడిగినా పలకదు. నాకింకా సగం కూడా రాలేదు. ఆవిడ పోతే ఆ భాష పోయినట్టే."

"చివరగా ఏమడిగావు?"

"'మా చెల్లెలు వచ్చింది' అని ఎలా అంటారో చెప్పమన్నాను. చెప్పింది. 'మా చెల్లెలు వస్తుంది' అని చెప్పమంటే అటు తిరిగి కూర్చుంది."

గురువు లేచాడు. పైపంచె భుజాన వేసుకుని కొండెక్కాడు. శిష్యుడు వెనకే నడిచాడు.

సుకిరమ్మ గుమ్మం ముందు కూర్చుని చింతపండు కొట్టి పిక్కలు తీస్తోంది. వచ్చినవాళ్ళను చూసి తల దించుకుంది. గురువు ఆమె ఎదుట చతికిలబడి తనూ ఒక రాయి తీసుకున్నాడు. విద్యాధరుడు ఏదో అడగబోయాడు. గురువు అతని చేతిలో ఇంకో రాయి పెట్టాడు.

ముగ్గురూ చింతపండు కొడుతూ కూర్చున్నారు.

విద్యాధరుడికి ఆ పని కొత్త. గట్టిగా కొట్టేసరికి పిక్క పగిలి పండులో కలిసిపోతోంది. సుకిరమ్మ కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక తన భాషలోనే కసిరింది.

"పామును కొట్టినట్టు కొడతావేంట్రా! మెల్లగా!"

"మెల్లగానే కొడుతున్నాగా అవ్వా! అదే జారిపోతోంది!"

అతను అన్నదీ ఆ భాషలోనే. అనేశాక గానీ అతనికి తెలియలేదు.

సుకిరమ్మ చేతిలో రాయి ఆగింది. అతని ముఖంలోకి చూసింది.

"జంబి కూడా ఇంతే. ఊరికే ఎదురు చెప్పేది," అంది.

ఇక చెప్పుకుంటూ పోయింది. చిన్నప్పుడు జంబి ఎలుగుబంటిని చూసి చెట్టెక్కి, దిగడం రాక సాయంత్రం దాకా ఏడ్చిందట. పెళ్ళినాడు ఆకలికి ఆగలేక పెళ్ళికొడుకు కంటే ముందే తినేసిందట. మధ్యమధ్యలో విద్యాధరుణ్ణి తిడుతూనే ఉంది. అతనికి కొన్ని మాటలు అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. కానివాటి కోసం ఆమెను ఆపలేదు. గురువుకి అందులో ఒక్క ముక్క రాదు. పిక్కలు తీస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ కొండ దిగారు.

"ఇవాళ కొత్త మాటలేమైనా దొరికాయా?" అని గురువు అడిగాడు.

విద్యాధరుడు చేతికి అంటిన చింతపండు తుడుచుకున్నాడు.

"చూసుకోలేదు స్వామీ."

"మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?"

"పొద్దున్నే. అవ్వ రమ్మంది."