ముంగిస తోక కొలత

నల్లమద్ది అడవిలో దుప్పులు, కుందేళ్లు, కొండముచ్చులు, భద్రయ్య అనే ఎలుగుబంటి, సింగారి అనే ముంగిస ఉండేవి. ఆ అడవిలో వానాకాలం చలి ఎముకలు కొరికేది. అందుకని ప్రతి గుహలోనూ ఒక పొయ్యి ఉండేది.

వానల్లో ఈనే తల్లుల కోసం వాగు అవతల ఒక పెద్ద గుహ ఉండేది. దాన్ని బాలింతల గుహ అనేవారు. కిందటేడు అక్కడి కట్టెలు తడిసి పొయ్యి ఆరిపోయింది. పున్నమ్మ అనే దుప్పి తన కూనను చలికి పోగొట్టుకుంది.

ఈ ఏడు పున్నమ్మ మళ్లీ చూలుతో ఉంది. మోదుగలు పూస్తున్న రోజుల్లో అది అందరినీ పిలిచింది.

"ఈసారి పొయ్యి ఆరకూడదు. గుహకు కట్టెలు ఎవరు తెస్తారు? బాగా తెచ్చినవారికి ఏటేటా ఆ పని ఇస్తాం" అంది.

"నేనుండగా ఇంకెవరు?" అంటూ భద్రయ్య ఛాతీ చరుచుకుంది.

"నేనూ తెస్తాను" అంది సింగారి.

భద్రయ్య పకపకా నవ్వింది. "పిల్లా, నా గొడ్డలి పిడి అంత లేవు. నువ్వు కట్టెలు కొడతావా?"

"కొట్టడం తర్వాత మామా. ముందు చూడాలి కదా!"

సింగారి నేరుగా బాలింతల గుహకు వెళ్లింది. పొయ్యి నోటి దగ్గర తోక చాచి పడుకుంది. "ఒక తోక లోతు" అనుకుంది. అక్కడి నుంచి జంట బండల దగ్గరకు పరుగెత్తింది. అడవి నుంచి గుహకు వెళ్లే దారి ఆ రెండు బండల సందులోంచే పోతుంది. అక్కడా తోకతో కొలిచింది. "మూడు తోకలు. అయితే బండి వెడల్పు రెండున్నర తోకలు దాటకూడదు."

చెట్టు మీద కొండముచ్చులు కిచకిచలాడాయి. "ఒసే సింగారీ, కట్టెలు తెస్తావా, తోకలు కొలుస్తావా?"

సింగారి నవ్వుతూ కట్టెలు ఏరడం మొదలుపెట్టింది. దాని మనసు నిండా ప్రశ్నలే. ఏ కట్టె ఎంతసేపు మండుతుంది? తుమ్మ కట్టెనూ బూరుగు కట్టెనూ పక్కపక్కన వెలిగించి చూసింది. బూరుగు భగ్గుమని అంతలోనే బూడిదైంది. తుమ్మ మాత్రం చాలాసేపు నిప్పు నిలుపుకుంది. కట్టె ఎండిందని ఎలా తెలుస్తుంది? రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టింది. పచ్చివి దబ్బుమన్నాయి. ఎండినవి టంగుమన్నాయి.

కుందేళ్లు దానికి సాయం వచ్చాయి. రంపానికి ఒక చివర సింగారి, ఇంకో చివర కుందేలు. పచ్చని చెట్టు జోలికి పోకుండా, పడిపోయిన తుమ్మ కొమ్మల్నే ఒక తోక పొడవున కోశాయి. లావు ముక్కల్లో ఇనుప మేకు దిగ్గొట్టి నిలువునా చీల్చాయి. చిన్న బండి మీద వేసుకుని బయలుదేరాయి. వాగు వైపు దిగే వాలులో బండి తోసుకుపోకుండా వెనక ఒక దుంగను కట్టి ఈడ్చుకెళ్లాయి.

"ఇప్పుడే ఎందుకు మోయడం? అవసరమైనప్పుడు తీసుకెళ్దాం" అంది ఒక కుందేలు.

"ఒక బండి కట్టెలు ఒక్క రోజుకే సరిపోతాయి. వాన వారం రోజులు విడవకపోతే? వాగు పొంగితే?" అంది సింగారి.

అందుకే కట్టెల్ని వాగు దాటించి, గుహ పక్కనే ఉన్న రాతి చూరు కింద పేర్చాయి. అడుగున రాళ్లు పరిచాయి. పైన తాటాకులు కప్పి, గాలి ఆడేలా పక్కలు వదిలేశాయి.

భద్రయ్య మాత్రం ఎండలు ముదిరేదాకా ఇప్పపూలు మేస్తూ పడుకుంది. మబ్బులు కమ్మాక లేచి, చేతికందిన పచ్చి బూరుగు చెట్లను నరికి వాగు ఇవతలే కుప్పేసింది. కుప్ప కొండంత అయింది. నేల వరకూ తాటాకులు బిగించి కప్పింది. తన పొట్టంత వెడల్పున బండి కూడా చేయించుకుంది.

మృగశిర కార్తె ముందు పున్నమ్మ రెండు కుప్పలూ చూసింది. సింగారి కుప్ప చూరు కింద చిన్నగా కనిపించింది.

"ఏమనుకోకే సింగారీ. కిందటేటి భయం ఇంకా పోలేదు. కొండంత కుప్ప చూస్తే ధైర్యంగా ఉంది. పని భద్రన్నకే ఇస్తున్నా" అంది పున్నమ్మ.

సింగారి ముఖం చిన్నబోయింది. "సరే అక్కా. నా కట్టెలు ఇక్కడే ఉంటాయి" అని మాత్రం అంది.

వాన మొదలైంది. ఆ వానల్లోనే పున్నమ్మ బాలింతల గుహలో ఈనింది. కూన గజగజ వణికింది. భద్రయ్య బండి నిండా దుంగలు వేసుకుని బయలుదేరింది. జంట బండల సందులో బండి ఇరుక్కుంది. ఎంత గుంజినా కదల్లేదు. రెండు దుంగలు భుజాన వేసుకుని, పొంగే వాగులో మునుగుతూ తేలుతూ గుహకు చేరింది. ఒక్క దుంగా పొయ్యి నోట్లో పట్టలేదు. గొడ్డలితో చీల్చి కుక్కితే గుహ నిండా పొగ కమ్మింది. కూన దగ్గి దగ్గి తల వాల్చేసింది.

"భద్రన్నా! నువ్వు తెచ్చింది కట్టెలా, పొగా?" అని పున్నమ్మ ఏడ్చింది. "సింగారీ! ఎక్కడున్నావే!"

రాతి చూరు కింద నుంచి సింగారి చేతుల నిండా కట్టెలతో పరుగున వచ్చింది. పొయ్యిలోని పచ్చి కట్టెల్ని బయటికి లాగేసింది. తన కట్టెలు రెండు టంగుమనిపించి లోపల పెట్టింది. సరిగ్గా పట్టాయి. మంట లేచింది, పొగ లేదు. కాసేపటికి కూన చెవులు కదిపింది. తర్వాత తల ఎత్తింది. తర్వాత తల్లి పొదుగు వెతుక్కుంది.

పున్నమ్మ కళ్లు తుడుచుకుంది. "నీకు పని ఇవ్వలేదు కదే! అయినా ఇన్ని కట్టెలు ఎందుకు ఉంచావు?"

"నువ్వు పని ఎవరికిచ్చినా పొయ్యి నోరు మారదు కదక్కా" అంది సింగారి.

ఆ ఏటి నుంచి గుహ కట్టెల పని సింగారిదే అయింది. భద్రయ్య కుప్ప నేల తేమకు బూజు పట్టి, చెదలకు మేత అయింది. మళ్లీ మోదుగలు పూసినప్పుడు భద్రయ్య తలొంచుకుని సింగారి దగ్గరకు వచ్చింది.

"నాకూ పని నేర్పవే. ముందేం చేయాలి?"

"తోకతో కొలవాలి మామా."

భద్రయ్య మెడ తిప్పి తన తోక చూసుకుంది. ఎంత వెతికినా బెత్తెడు కూడా లేదు. చెట్టు మీద కొండముచ్చులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

"పోనీలే మామా, నీ అరచేతితో కొలుద్దాం" అని సింగారి దాన్ని పొయ్యి దగ్గరకు నడిపించుకుపోయింది.

నీతి: కుప్ప పెంచేముందు కొలత తెలుసుకోవాలి, వేళకు అక్కరకు రాని బలం ఎంతున్నా వృథా.